ఆ బిళ్ల 1900 నాటిది కాదు, పొరపాటు నాదే

తిరుపతిలో మా అంగడికొచ్చి పాత బెల్టు బకిల్స్, గుండీలు కొనుక్కెళ్లేవాళ్లందరికీ ఒక మాట చెప్పాలి. పోయిన నెల చిత్తూరు నుంచొచ్చిన ఒకాయనకి డవాలు బంట్రోతు, అంటే పాతకాలం సర్కారు ఆఫీసు జవాను, పట్టీ మీద ఉండే ఇత్తడి బిళ్ల అమ్మాను. 1900 నాటిదని చీటీ నా చేత్తోనే రాసిచ్చాను. రెండు రోజులకి ఫోన్ చేసి, "దీని మీద ఇంగ్లీషులో చిత్తూరు డిస్ట్రిక్ట్ అని ఉంది, మన జిల్లా ఏర్పడిందే 1911 ఏప్రిల్‌లో కదన్నా" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. అంతకుముందు చిత్తూరు ఉత్తరార్కాటు జిల్లాకి కేంద్రం, మరి 1900లో ఆ పేరు బిళ్ల మీదికి ఎలా వస్తుంది? డబ్బు వెనక్కిచ్చేశాను, ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

తప్పు ఎక్కడ జరిగిందంటే, పచ్చగా పట్టిన చిలుమునీ నాకు అమ్మినతని మాటనీ నమ్మాను. ఉప్పు నీళ్లు తగిలితే కొత్త ఇత్తడికి కూడా కొన్నాళ్లకే చిలుము పడుతుంది, దాన్ని చూసి వయసు చెప్పకూడదు. చూడాల్సింది అక్షరాలు, ముద్రలు, వెనక వైపు. గుండీ మీద నాలుగు సింహాలుంటే అది స్వాతంత్ర్యం వచ్చాకదే. ఎం అండ్ ఎస్‌ఎం (మద్రాస్ అండ్ సదరన్ మరాఠా) రైల్వే అని ఉంటే 1908కి ముందుది కాదు, ఎందుకంటే ఆ పేరుతో కంపెనీ వచ్చిందే అప్పుడు, 1951లో అది దక్షిణ రైల్వేలో కలిసిపోయింది. వెనక ఫర్మిన్, లండన్ అని గుండీలు చేసే కంపెనీ పేరు ఉందని మురిసిపోవద్దు, వాళ్లు 17వ శతాబ్దం నుంచి ఇదే వ్యాపారంలో ఉన్నారు, పేరొక్కటే ఏడాది చెప్పదు.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. గుండీ దేనితో చేశారో చూపించడానికి మీ ముందే సూది కాల్చి గుచ్చేవాణ్ణి. ఇక ఆ పని చెయ్యను. సెల్యులాయిడ్ అనే పాతకాలం ప్లాస్టిక్ చటుక్కున అంటుకుంటుంది, పైగా మంచి గుండీకి ఊరికే తూటు పడుతుంది. బొటనవేలితో గట్టిగా రుద్ది, వేడెక్కాక ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు. సెల్యులాయిడ్ తయారీలోనే కర్పూరం కలుస్తుంది కాబట్టి ఆ వాసనే వస్తుంది, తిరుపతిలో పుట్టినవాళ్లకి దాన్ని వేరే నేర్పక్కర్లేదు. బేకలైట్ అనే ఇంకో పాత ప్లాస్టిక్ అయితే ఘాటుగా మందుల వాసన. బేకలైట్‌ని కనిపెట్టిందే 1907లో, కాబట్టి విక్టోరియా రాణి కాలం బేకలైట్ గుండీ అని ఎవరైనా అంటే, నేనన్నా సరే, నమ్మొద్దు.

ఇకమీదట చీటీ మీద ఏడాదితో పాటు అది ఎలా తెలిసిందో కూడా రాస్తాను. ఆధారం లేని వాటికి 'కాలం చెప్పలేం' అని రాసి, ధర కూడా తగ్గిస్తాను. ఇప్పటికే కొన్నవాళ్లు పాత చీటీతో తీసుకురండి, మళ్లీ చూస్తాను, నేను రాసింది తప్పైతే మీ డబ్బు మీకిచ్చేస్తాను. సాయంత్రం నాలుగు దాటాక వస్తే తీరిగ్గా భూతద్దం పెట్టి చూడొచ్చు. దయచేసి తెచ్చేముందు చింతపండు పెట్టి తోమకండి, వెనకున్న సన్నటి అక్షరాలు అరిగిపోతే నాకు చూడ్డానికి ఏమీ మిగలదు.