రోడ్డు కింద పూడ్చిన వాల్వులను ముందు బయటికి తీయండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో నల్లా నీళ్ల వృథా గురించి వార్త వేశారు. నల్లాలు కట్టేయకుండా వదిలేసి జనమే నీళ్లు పారబోస్తున్నారని, ఇకమీదట జరిమానా వేస్తామని అధికారులు అన్నట్టు అందులో ఉంది. అది చదివినప్పటి నుంచి నాకు మనసున పడతలేదు. కట్టేద్దామనే మాకూ ఉంది. కానీ కట్టేయడానికి పైపులో నీళ్లు ఆపే వాల్వ్ తిరగాలి కదా?

పోయిన నెల మా ఇంట్లో జరిగింది చెప్తాను. పొద్దున నల్లా వచ్చిన కాసేపటికే, సంపులోకి పోయే ఇనుప పైపు ప్రహరీ గోడ పక్కన మలుపు తిరిగే ఎల్బో దగ్గర పగిలింది. నీళ్లు వాకిలి దాటి రోడ్డెక్కాయి. "అంకుల్, వాల్వ్ కట్టేయండి, నీళ్లన్నీ పోతున్నయ్" అని పక్కింటి అమ్మాయి అరుస్తోంది. నేను రెండు చేతులతో పట్టినా గేట్ వాల్వ్ చక్రం ఇసుమంత కదల్లేదు. కనెక్షన్ తీసుకున్న రోజు తెరిచిందే, పద్నాలుగేళ్లయింది, మళ్లీ దాన్ని ముట్టుకున్నవాళ్లు లేరు. నల్లా ఆగేదాకా ఆ గంటసేపూ నీళ్లు మోరీలోకి పోతూనే ఉన్నాయి. సైకిల్ ట్యూబు చీల్చి చుట్టినా ఆగలేదు. ప్లంబర్ దొరికింది మూడో రోజు, అప్పటిదాకా రోజూ ఇదే గోస.

నల్లా నీళ్ల ఆఫీసుకు ఫోన్ చేస్తే, ఇంటి దగ్గరి వాల్వ్ మీదే, మాకు సంబంధం లేదన్నారు. సరే, మా గల్లీ వాల్వ్ అయినా కాసేపు కట్టేయండని అడిగాను. మర్నాడు ఒక పిల్లగాడు వచ్చాడు. అటూ ఇటూ నడిచాడు, కాలితో రోడ్డు తట్టి చూశాడు, వాల్వ్ ఉండే గుంత, అదే చాంబర్, కనబడతలేదన్నాడు. ఎట్ల కనబడుతుంది? రెండేళ్ల కింద సీసీ రోడ్డు పోసినప్పుడు దాని మీదనే కాంక్రీటు పోశారు. తవ్వాలంటే వేరే సెక్షన్ పర్మిషన్ కావాలట. ఆ పిల్లగాడిని నేను ఏమీ అనను. ఎండలో గల్లీ గల్లీ తిరిగేది వాళ్లే, తిట్లు పడేదీ వాళ్లే. చాంబర్ మూత పైకి లేపకుండా రోడ్డు పోసిన కాంట్రాక్టర్‌కు బిల్లు ఎట్ల పాస్ చేశారో, ఆ బిల్లు మీద సంతకం పెట్టినవాళ్లు చెప్పాలి.

నేను రైలింజన్లు బాగుచేసే కాజీపేట డీజిల్ షెడ్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైర్ అయినవాణ్ని. ఇంజన్ షెడ్‌కు వస్తే, బాగున్నా బాగలేకున్నా, షెడ్యూల్ ప్రకారం ప్రతి కాక్, అంటే తిప్పి మూసే చిన్న వాల్వ్, తిప్పి చూడాల్సిందే. తిప్పకుండా వదిలేసినదే అవసరానికి పట్టేస్తుంది. గేట్ వాల్వ్ కూడా అంతే. చక్రంతో పాటు తిరిగే కడ్డీని స్పిండిల్ అంటారు, లోపల దాని మర మీద సున్నపు పొర పేరుకుంటుంది. ఆ కడ్డీ చుట్టూ నీళ్లు కారకుండా బిగించే గ్లాండ్‌లోని ప్యాకింగ్ ఎండి గట్టిపడుతుంది. మన దగ్గర నల్లా గంటసేపే వస్తుంది కాబట్టి మిగతా వేళంతా పైపులోకి గాలి చొరబడుతుంది. తడి, గాలి మార్చి మార్చి తగిలితే ఇనుము తొందరగా తుప్పు పడుతుంది.

చాలామంది చేసే తప్పు ఒకటి ఉంది, చెప్పకుండా ఉండలేను. చక్రానికి పొడుగు పైపు తొడిగి బలం పెట్టి తిప్పుతారు. ఇత్తడి స్పిండిల్ పుటుక్కున విరుగుతుంది, ఆ తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు. నేను నల్లా రాని వేళ చూసి, గ్లాండ్ నట్టును పానాతో పావు చుట్టు వదులు చేశాను. స్పిండిల్ మొదలు దగ్గర నాలుగు చుక్కల కొబ్బరినూనె వేసి రాత్రంతా వదిలేశాను. తాగే నీళ్ల లైను కదా, కిరోసిన్ వాడలేదు. పొద్దున ఇంకో పానాతో వాల్వ్ ఒళ్లు కదలకుండా పట్టుకుని, చక్రాన్ని వెంట్రుకవాసి మూసే వైపు, మళ్లీ తెరిచే వైపు, అట్లా ముప్పావు గంట తిప్పితే వదిలింది. ఒళ్లు పట్టుకోకపోతే ఆ బలమంతా పాత పైపు మీద పడి ఇంకోచోట పగులుతుంది. వదిలాక గ్లాండ్ నట్టు మళ్లీ బిగించి, మొదట వచ్చిన నీళ్లు బయటికి వదిలాను. ఇప్పుడు పూర్తిగా తెరిచి అర చుట్టు వెనక్కి తిప్పి ఉంచుతున్నాను. మూడు నెలలకోసారి మూసి తెరుస్తాను.

ఇదంతా నాకు పని తెలుసు కాబట్టి అయింది. మా గల్లీలో ఒంటరిగా ఉండే ముసలమ్మలున్నారు, వాళ్లేం చేయాలి? నల్లా బిల్లు తీసుకునేవాళ్లు ఏడాదికి రెండుసార్లు మనిషిని పంపి ప్రతి వాల్వ్ తిప్పించలేరా? దేవాదుల దగ్గర గోదావరి నుంచి మోటర్లతో ఎత్తిపోసి ధర్మసాగర్ చెరువు నింపుతున్నారు. అంత కరెంటు ఖర్చు పెట్టి తెచ్చిన నీళ్లు, శుద్ధి చేసి మా గల్లీ దాకా పంపిన నీళ్లు, ఒక వాల్వ్ తిరగక మోరీ పాలవుతుంటే నా కడుపు కాలుతోంది. నల్లా ఆగినప్పుడు ఆ పగుళ్లలోంచే మోరీ నీళ్లు పైపులోకి దిగుతాయి. మర్నాడు పిల్లలు తాగేది అవే. ఆనాడు కాకతీయులు కట్టిన పాకాల, రామప్ప చెరువుల కింద ఇప్పటికీ పొలాలు పారుతున్నాయి. అదే గడ్డ మీద రెండేళ్ల కింద పూడ్చిన వాల్వ్ ఎక్కడుందో ఆఫీసులో చెప్పేవాళ్లు లేరు.

జరిమానా వేసే ముందు మా గల్లీ వాల్వ్ మీది కాంక్రీటు కొట్టించండి. అది ఎక్కడుందో నాకు గుర్తుంది. మా ప్రహరీ గోడ మీద ఎర్ర పెయింట్‌తో బాణం గుర్తు వేసి పెట్టాను, దానికి సూటిగా నాలుగు అడుగుల దూరంలో ఉంది. ఎవరు వచ్చినా చూపించడానికి నేను ఇంట్లోనే ఉంటాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి,
కాజీపేట