దుప్పటి కప్పని గుర్రానికి ఒళ్లంతా వెంట్రుకలు తీయవద్దు

సంపాదకులకు నమస్కారం.

కార్తీక, మార్గశిర మాసాల పెళ్లిళ్లకు ముందు మా అనంతపురంలో ఊరేగింపు గుర్రాలు పెంచేవారు కొందరు వాటి ఒంటి వెంట్రుకలను మిషనుతో నున్నగా తీయిస్తున్నారు. గుర్రం మెరుస్తుందని, ఫొటోల్లో బాగుంటుందని, చెమట త్వరగా ఆరుతుందని వారు చెబుతారు. చెమట మాట నిజమే. కానీ రాత్రంతా ఆరుబయట, దుప్పటి లేకుండా కట్టేసి ఉంచే గుర్రానికి మెడ నుంచి తోక దాకా వెంట్రుకలు తీసేయడమంటే దానికి పుట్టుకతో వచ్చిన గొంగడిని ఊడబెరకడమే. తీయక తప్పనప్పుడు ఎక్కడ తీయాలో, ఎక్కడ మిషను ఆపాలో నలుగురికీ తెలియాలని ఈ లేఖ రాస్తున్నాను.

మా తాత జటకా తోలేవారు. నేను ఒక తెల్ల ఆడగుర్రాన్ని పెళ్లిళ్లకు తిప్పుతున్నాను. నాలుగేళ్ల కిందట నేనే ఈ తప్పు చేశాను. ఒళ్లంతా తీయించిన వారానికే తుపాను ముసురు పట్టింది. తెల్లవారుజామున వెళ్లి చూస్తే అది వీపు వంచుకొని, తోకను కాళ్ల మధ్య అదుముకొని వణుకుతూ నిలబడి ఉంది. మేత మానలేదు, అయినా కొద్ది రోజుల్లోనే పక్కటెముకలు కనిపించాయి. ముసురు తగ్గి ఎండ కాయగానే వీపు మీది గులాబి రంగు చర్మం కమిలి పొట్టు లేచింది, జీను వేయడానికి వీల్లేకపోయింది. పెళ్లిళ్లకు అందరూ కోరే తెల్ల గుర్రాల్లో గులాబి చర్మం ఉన్నవాటికి వీపు మీది వెంట్రుకే గొడుగు అన్న సంగతి నాకు అప్పుడు తెలిసింది.

ఒంటి నిండా వెంట్రుక ఉన్న ఆరోగ్యవంతమైన గుర్రం, వాతావరణానికి అలవాటు పడి ఉంటే, సుమారు 5 డిగ్రీల దాకా చలిని పెద్దగా కష్టపడకుండానే ఓర్చుకుంటుంది. చలి వేసినప్పుడు వెంట్రుకలు నిక్కబొడుచుకొని, వాటి మధ్య నిలిచిన గాలి ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. వెంట్రుకలకు అంటిన సహజమైన జిడ్డు వల్ల వాననీరు చర్మం దాకా దిగకుండా జారిపోతుంది. మన జిల్లాలో చలికాలపు రాత్రి 5 డిగ్రీలకు దిగదు కనుక అసలు చిక్కు చలితో కాదు, తడితో వస్తుంది. బ్యాండు మేళంతో రాత్రి పొద్దుపోయే దాకా నడిచి చెమటతో తడిసిన గుర్రం ఇంటికి చేరేసరికి ఏ ఒంటిగంటో అవుతుంది. మెడ కింద, రొమ్ము మీద, జీను పట్టీ బిగించే చోట వెంట్రుక దట్టంగా ఉంటే ఆ తడి తెల్లవారే దాకా ఆరదు. మిషను పెట్టవలసింది అక్కడే, అక్కడ మాత్రమే.

ఇంగ్లండు వంటి చలి దేశాల్లో ఈ పనికి ఎన్నో పద్ధతులున్నాయి. కాళ్లు, జీను వేసే చోటు తప్ప మిగిలినదంతా తీసే హంటర్ క్లిప్ వేటకు వెళ్లి వచ్చి, కొట్టంలో దుప్పటి కప్పుకొని ఉండే గుర్రాల కోసం పుట్టింది. దాన్ని ఫోనులో చూసి ఇక్కడ దించడం తగదు. దుప్పటి లేని గుర్రానికి మొదట ఆలోచించవలసింది బిబ్ క్లిప్, అంటే గొంతు కింది నుంచి రొమ్ము దాకా మాత్రమే తీయడం. పని ఎక్కువగా ఉంటే ఆ పట్టీనే ముందుకాళ్ల మధ్యగా పొట్ట కిందికి పొడిగించవచ్చు. ఇంకా కావాలంటే ట్రేస్ క్లిప్ ఉంది. జటకాను లాగే తోలుపట్టీలు గుర్రం పక్కల మీద ఆనే గీతే దానికి ఎల్ల, ఆ గీతకు కింది భాగమే తీస్తారు. రాత్రి పైకప్పు, గాలికి అడ్డంగా ఒక గోడ ఉన్న గుర్రానికి తప్ప ఇంతవరకు వెళ్లకూడదని నా అభిప్రాయం. ఏ పద్ధతిలోనైనా వీపు, నడుము, పిరుదులు, కాళ్లు ముట్టుకోకూడదు. ముందు సుద్దముక్కతో రెండు పక్కలా గీత గీసుకొని, ఆ గీతకు రెండు వేళ్ల కిందే మిషను ఆపితే మంచిది. చాలలేదనుకుంటే మరునాడు ఇంకొంచెం తీయవచ్చు గాని, తీసిన వెంట్రుకను తిరిగి అంటించలేము.

మొత్తం తీసి రాత్రి గొంగడి కప్పితే సరిపోదా అని కొందరు అడుగుతారు. కప్పినవారు పొద్దున్నే తీయాలి కదా. మన దగ్గర తొమ్మిది గంటలకే ఎండ చురుక్కుమంటుంది, యజమాని అప్పటికే కూలికో దుకాణానికో వెళ్లి ఉంటాడు. గొంగడి కింద గుర్రం చెమటకు నానుతుంది. తడిసిన గొంగడి, పక్కకు జారి కాళ్లకు చుట్టుకున్న గొంగడి అసలు లేకపోవడం కంటే ప్రమాదం. గొర్రెలకు బొచ్చు కత్తిరించి మందకు తోలడం లేదా అన్నది మరో వాదన. గొర్రెలు దొడ్డిలో ఒకదానికొకటి ఆనుకొని పడుకుంటాయి, పలుపుతో కట్టేసిన ఒంటరి గుర్రానికి ఆ వీలు లేదు. రాత్రికి ఉలవలు పెంచితే ఒళ్లు వెచ్చబడుతుందనే నమ్మకం కూడా ఉంది గాని, పెద్దపేగులో ఎండుగడ్డి పులిసేటప్పుడు పుట్టే వేడే తెల్లవారే దాకా నిలుస్తుంది.

చలికాలపు వెంట్రుక మొలవడానికి ముఖ్యకారణం పగటి పొద్దు తగ్గడం. సంక్రాంతి దాటి పగలు పెరిగేకొద్దీ అది రాలి వేసవి వెంట్రుక వస్తుంది కాబట్టి మాఘమాసపు పెళ్లిళ్లకు మళ్లీ మిషను పెట్టనక్కరలేదు. ఒక గుర్రానికి వాడిన బ్లేడును శుభ్రం చేయకుండా ఇంకో గుర్రానికి వాడితే తామర అంటుకుంటుంది, అది మనుషులకూ సోకుతుంది. పదిహేనేళ్లు దాటిన గుర్రానికి వేసవిలో కూడా పొడవాటి వెంట్రుక రాలకుండా ఉంటే పిట్యూటరీ గ్రంథి జబ్బు ఉందేమోనని ముందు రక్తపరీక్ష చేయించాలి, కత్తిరింపు సంగతి ఆ తరువాత. నిజానికి మన వాతావరణంలో పడుచు గుర్రాలు చాలావాటికి మిషను అవసరమే ఉండదు.

పశుసంవర్ధక శాఖ అధికారులకు నా మనవి ఒక్కటే. ప్రతి ఏడూ కార్తీకానికి ముందు జిల్లా పశువైద్యశాలలో ఒక రోజు గుర్రాల యజమానులను పిలిచి, ఒక గుర్రం మీద సుద్దగీత గీసి, ఎంతవరకు తీయాలో కళ్లకు కట్టినట్టు చూపించాలి. అందుకు నా గుర్రాన్ని తీసుకురావడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక గుర్రపు యజమాని,
పాతూరు, అనంతపురం.