స్టిర్ ఫ్రైలో తడి, వరుస సంగతి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారాలు.

మీ వంటల పేజీలో ఈమధ్య అచ్చయిన రొయ్యలు, స్క్విడ్ (కణవ), టోఫు (సోయా పాలతో చేసే పన్నీరులాంటిది) కలిపిన స్టిర్ ఫ్రైని, అంటే పెద్ద మంట మీద కలుపుతూ త్వరగా వేయించే వంటకాన్ని, అందులో రాసిన కొలతలతోనే ఇంట్లో చేశాను. చివరికి మూకుట్లో మిగిలింది రబ్బరులా సాగే స్క్విడ్, నలిగి పిండైపోయిన టోఫు, వాటి చుట్టూ ఊరిన నీళ్లు. మొదట తప్పు నాదేననుకున్నాను. మరో మూడుసార్లు చేశాక, అన్నిటినీ కలిపి పెద్ద మంట మీద వేయించమని ఒక్క వాక్యంలో తేల్చేయడంలోనే చిక్కుందని తెలిసింది.

అన్నిటికన్నా ముందు చెప్పవలసింది తడి గురించి. పదార్థం పైన నీరున్నంతసేపు దాని వేడి 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరే నిలిచిపోతుంది. ఎర్రగా వేగి కమ్మని వాసన రావాలంటే సుమారు 140 డిగ్రీలు దాటాలి. అందువల్ల గడ్డకట్టిన రొయ్యలను ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లో కింది అరకు మార్చి, పూర్తిగా కరిగాక గుడ్డతో ఒత్తి తుడవాలి. టోఫులో గట్టి రకాన్నే ఎంచుకోవాలి, ఎందుకంటే సిల్కెన్ అనే మెత్తని రకం గరిటె తగిలితే చాలు చెదిరిపోతుంది. ముక్కలు కోయకముందు దాన్ని గుడ్డలో చుట్టి, పైన బరువుంచి అరగంట వదిలేస్తే లోపలి నీరు చాలావరకు దిగిపోతుంది. ఈ అరగంట సంగతి మీ విధానంలో లేకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది, ఎందుకంటే టోఫు నిలవడమో విరగడమో తేలేది అక్కడే.

రెండోది మంట. చైనా వంటశాలల్లో వోక్ అనే గుండ్రని మూకుడు కింద ఉండే మంట ఇంటి స్టవ్ మంటకు ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ మంట మీద వంటకానికి పట్టే పొగవాసనను కాంటొనీస్ భాషలో ‘వోక్ హే’, అంటే వోక్ ఊపిరి, అంటారు. అంత మంట మనకు లేదు కనుక ఒక్కో వాయిలో తక్కువ వేయడమే మార్గం. మూకుడు నిండా ఒకేసారి పోస్తే వేడి పడిపోయి, వేగవలసినవి తమ నీటిలో తామే ఉడుకుతాయి.

ముందుగా టోఫును ఒక్కోవైపు బంగారు రంగు వచ్చేదాకా కదపకుండా ఉంచి, తిప్పుతూ అన్నివైపులా వేయించి పక్కన పెట్టాలి. తర్వాత రొయ్యలు. బూడిదరంగు పోయి గులాబీ రంగు తేలి, ఆంగ్ల అక్షరం ‘సి’లా వంగగానే తీసేయాలి, ‘ఓ’లా ముడుచుకుపోయాయంటే ఎక్కువ ఉడికినట్టే. స్క్విడ్‌కు రెండు నిమిషాలు మించకూడదు. ఆ సమయం దాటితే అది గట్టిపడుతుంది, మళ్లీ మెత్తబడాలంటే అరగంటకు పైగా సన్నని మంట మీద ఉడకాలి, అది స్టిర్ ఫ్రైలో కుదిరే పని కాదు. చివరగా కూరగాయలు, వాటి వెనుకే మాడిపోకుండా అల్లం, వెల్లుల్లి వేసి, పక్కన పెట్టినవన్నీ తిరిగి కలపాలి.

సాస్‌కు చెంచాడు కార్న్‌ఫ్లోర్‌ను చన్నీటిలోనే కలపాలి, వేడినీటిలో ఉండలు కడుతుంది. పిండి అడుగుకు దిగుతుంది కాబట్టి పోసేముందు మరోసారి కలిపి, సాస్ మరిగి నిగనిగలాడేదాకా ఉంచాలి. సోయా సాస్‌లోనే ఉప్పు బాగా ఉంటుంది గనుక రుచి చూడకముందు విడిగా ఉప్పు వేయకూడదు. నువ్వుల నూనె మాత్రం స్టవ్ ఆపాకే వేయాలి.

ఇంకొక ముఖ్యమైన విన్నపం. ఈ ఒక్క వంటకంలోనే రొయ్యలు, స్క్విడ్, సోయా ఉన్నాయి. చాలా రకాల సోయా సాస్‌లలో గోధుమ కూడా ఉంటుంది, ఆయిస్టర్ సాస్‌లో ఆల్చిప్పల మాంసం సారం ఉంటుంది. ఇవన్నీ కొందరికి తీవ్రమైన అలర్జీ కలిగించగలవు. రొయ్యల్లో ప్రధానంగా అలర్జీ కలిగించే ప్రోటీన్ వండినంత మాత్రాన నశించదు. పేరులో చేప, రొయ్య అన్న మాట లేదు కదా అని ఆయిస్టర్ సాస్‌ను అతిథికి వడ్డించేవారు ఉండవచ్చు. పదార్థాల జాబితా కిందే ఈ హెచ్చరికను ఒక వాక్యంలో అచ్చు వేయండి.

చోటు చాలదంటే ఫొటో కొంచెం తగ్గించినా పాఠకులు ఏమీ అనుకోరు. వచ్చే సంచికలో ఇదే వంటకాన్ని వరుసతో, సమయాలతో, ఉడికిన గుర్తులతో మళ్లీ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు