ఆదివారం తాటిపూడి రైడ్: బురదలో ఇంజన్ వేడెక్కితే

అందరికీ నమస్తే. ఈ వానలకి తాటిపూడి రిజర్వాయర్ పక్క మట్టి దారి బాగా బురదయింది. అక్కడ బండి వేడెక్కేది ఎండకి కాదు. ఫస్ట్ గేర్‌లో హాఫ్ క్లచ్ మీద రేజ్ చేస్తూ నెట్టడం వల్లే. బండి కదలదు, గాలి తగలదు, క్లచ్ కాలుతుంది. ఇరుక్కుంటే దిగి తోయించుకోండి, అందులో నామోషీ ఏం లేదు.

హిమాలయన్ 450, కేటీఎం బైకుల వాళ్ళు ఆగినప్పుడల్లా ఇంజన్‌ని చల్లబరిచే రేడియేటర్ చూడండి. ముందు చక్రం ఎగజిమ్మిన మట్టి ఆ సన్నటి రేకుల మధ్య ఆరి గట్టిపడితే ఫ్యాన్ తిరిగినా లాభం లేదు. చల్లారాక నీళ్ళతో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రేకుల వాలున మెల్లగా తీయండి. వాటర్ సర్వీస్ గన్ దగ్గరగా పెడితే రేకులు వంగిపోతాయి. ఎక్స్‌పల్స్ 200 4Vకి ఇంజన్ ఆయిల్‌ని చల్లబరిచే ఆయిల్ కూలర్ ఉంది, దానికీ ఇదే పద్ధతి.

వేడి మీద రేడియేటర్ మూత తిప్పొద్దు, అందులో మరిగే కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) మొహాన చిమ్ముతుంది. కాలుతున్న ఇంజన్ మీద చల్లటి నీళ్ళూ పోయొద్దు. ఆపి, నీడలో పెట్టి, టీ తాగండి.

కూలెంట్, ఇంజన్ ఆయిల్ శనివారమే చూసుకోండి. టూత్‌బ్రష్‌లు నేను తెస్తాను, నీళ్ళ సీసాలు మీవి.