బాధితుల జాబితాలో ఒక పేరేనా?

సంపాదకులకు నమస్కారం.

నాజీల కాలంలో కష్టాలపాలైన సంగీతకారుల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ఇలాంటి విషయాలకు మన పత్రికల్లో చోటు దొరకడమే అరుదు కాబట్టి సంతోషించాను. అయితే డచ్ పియానిస్టు, స్వరకర్త హెన్రియెట్ బోస్‌మాన్స్‌కు అందులో దక్కింది ఒక్క వాక్యం: తల్లి యూదురాలు కావడంతో ఆమె వేదిక ఎక్కకుండా నిషేధించారని. ఏం రాశారో, ఏం వాయించారో ఒక్క ముక్క లేదు. ఆమ్‌స్టర్‌డామ్ పక్కనే ఉంటూ ఇక్కడి కచేరీలు వినే తెలుగువాణ్ని కనుక ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

ఆమె 1895లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టారు. తండ్రి అక్కడి పేరుపొందిన కాన్సెర్ట్‌ఖెబౌ ఆర్కెస్ట్రాలో ప్రధాన చెల్లో (వయొలిన్ జాతికి చెందిన పెద్ద తంత్రీవాద్యం) వాద్యకారుడు. బిడ్డకు ఏడాది నిండకముందే ఆయన పోయారు. పియానో నేర్పింది తల్లి సారా బెనెడిక్ట్స్. మెంగెల్‌బర్గ్, మోంతూ వంటి హేమాహేమీలు ఆర్కెస్ట్రాను నడుపుతుంటే సోలో వాయించే స్థాయికి ఆమె ఎదిగారు.

పియానిస్టే అయినా, తొలి రచనల్లో పెద్దపీట వేసింది తండ్రి వాద్యానికి. 1919లో చెల్లో, పియానోల కోసం ఒక సొనాటా, ఆ తర్వాత రెండు చెల్లో కన్సర్టోలు (ఆర్కెస్ట్రాతో కలిసి ఒక చెల్లో ముందుండి వాయించే రచనలు) రాశారు. రెండోది తన సహచరి, చెల్లిస్టు ఫ్రీడా బెలిన్‌ఫాంటేకి అంకితమిచ్చారు. అప్పటికే పేరున్న మనిషి, ముప్పై దాటాక, తన రాత తనకే చాలదనిపించి డచ్ స్వరకర్త విల్లెం పైపర్ దగ్గర శిష్యరికానికి చేరారు. ఆ తేడా చెవికి తెలిసిపోతుంది. ముందు రాసినవి సాగదీసిన జర్మన్ రొమాంటిక్ ధోరణిలో ఉంటే, 1927 నాటి స్ట్రింగ్ క్వార్టెట్ (నాలుగు తంత్రీవాద్యాల రచన), 1928 నాటి పియానో కన్సర్టినో (చిన్న కన్సర్టో) పొదుపుగా, పదునుగా, ఫ్రెంచి రంగులతో ఉంటాయి. నా మటుకు నాకు ఆమె ఉత్తమ రచన ఆ కన్సర్టినోయే.

మీ వ్యాసం చదివితే ఆమె కలం ఆగిపోయింది నాజీల వల్లేనని అనిపిస్తుంది. అది నిజం కాదు. పెళ్లి చేసుకోవలసిన వయొలినిస్టు ఫ్రాన్సిస్ కూనె 1930ల మధ్యలో మరణించాక, ఏళ్ల తరబడి ఆమె దాదాపు ఏమీ రాయలేదు. జర్మన్ సైన్యం నెదర్లాండ్స్‌లోకి వచ్చింది 1940 మేలో.

నాజీల కళాకారుల సంఘంలో పేరు నమోదు చేసుకోనిదే కచేరీ చెయ్యకూడదన్నారు. ఆమె చేసుకోలేదు. ఇళ్లలో తలుపులు వేసుకుని గుట్టుగా జరిగే కచేరీల్లో వాయించి పొట్టపోసుకున్నారు. 1944లో తల్లిని పట్టుకుపోయి వెస్టర్‌బోర్క్ శిబిరంలో పెట్టారు. ఆష్విట్జ్, సోబిబోర్ మరణశిబిరాలకు రైళ్లు బయల్దేరిన చోటు అది. ఆ తల్లి ప్రాణాలతో ఇంటికి రావడానికి సాయపడింది మెంగెల్‌బర్గ్. ఆక్రమణ కాలంలో జర్మన్లతో చెట్టపట్టాలు వేసుకున్నందుకు యుద్ధం తర్వాత ఈ దేశపు వేదికల నుంచి బహిష్కరణకు గురైన మెంగెల్‌బర్గే! ఆయన్ని ఏ గాటన కట్టాలో నాకు ఇప్పటికీ తేలదు. ఈ చిక్కుముడి ఒక్క వాక్యంలో ఎలా పడుతుంది?

యుద్ధం ముగిశాక ఆమె కలం పాటల వైపు మళ్లింది. ఫ్రెంచి గాయని నోయెమీ పెరూజియా కోసం ఒకదాని వెంట ఒకటి రాశారు. తనకు కడుపు క్యాన్సర్ ముదిరినా ఆ గాయని పక్కన పియానో వాయించారు. 1952 జూలై 2న, 56 ఏళ్లకే కన్నుమూశారు.

ఈ లోటు మీ పత్రికది మాత్రమే కాదు. మే 4న ఇక్కడ యుద్ధ మృతులను స్మరించుకునే రోజు దగ్గర పడినప్పుడే ఇక్కడివాళ్లకూ బోస్‌మాన్స్ పేరు గుర్తుకొస్తుంది. మామూలు శుక్రవారం కచేరీలో, జర్మన్ స్వరకర్త బ్రామ్స్ సరసన, ఆ కన్సర్టినో ఎందుకు ఉండకూడదు?

ఇంకొకటి. మన చట్టం ప్రకారం రచయిత పోయిన 60 ఏళ్లకు కాపీరైట్ తీరిపోతుంది. ఆమె బతికుండగా అచ్చయిన రచనలకు భారతదేశంలో 2013 నుంచే ఆ అడ్డు లేదు. హైదరాబాదులో పాశ్చాత్య పియానో నేర్పే గురువులు పిల్లల వార్షికోత్సవాల్లో ఎప్పుడూ వినే నాలుగు పేర్లతో పాటు ఈమె రచన ఒకటి పెట్టి చూడవచ్చు. మీరు కూడా వచ్చే ఆదివారం ఆమె పాటల గురించి ఒక అరపేజీ కేటాయించగలిగితే, రాసిపెట్టడానికి నేను సిద్ధం.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఆమ్‌స్టెల్‌వీన్, నెదర్లాండ్స్