లాంగ్ రోల్ పుస్తకాలు తెరవండి: రక్షణ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రక్షణ శాఖ మంత్రి గారికి నమస్కారం.

తాతగారు రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్లారన్న ఒక్క ముక్క తప్ప ఇంకేమీ తెలియని కుటుంబాలు సైనికుల ఊరుగా పేరున్న మిలిటరీ మాధవరంలోనే కాదు, మన జిల్లాలన్నింటిలో ఉన్నాయి. వాళ్ల వెతుకులాట వచ్చి ఆగేది సిపాయిల కాగితాలు దాచే సైన్యం రికార్డు ఆఫీసు గుమ్మం దగ్గరే. అక్కడ సిపాయికో వరుస చొప్పున పేర్లు రాసి ఉంచిన లాంగ్ రోల్ పుస్తకాలను ఆ కుటుంబాలకు తెరవమని అడగడానికే ఈ లేఖ.

యుద్ధంలో చనిపోయినవారి సంగతి కొంత నయం. 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు మరణించినవారి పేర్లు, యుద్ధ మృతుల సమాధులు, స్మారకాలు చూసే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో ఉచితంగా దొరుకుతాయి. అయితే చాలా పేర్లకు ఇంటిపేరు ఉండదు. జిల్లాలూ పాతవే. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం 1979లో వచ్చాయి. రెండో యుద్ధం నాటి సిపాయికి ఆ జిల్లా పేర్లు కొడితే ఏమీ రాదు, విశాఖపట్నానికి ఇంగ్లీషువాళ్లు రాసిన పాత స్పెల్లింగు (Vizagapatam) వాడాలి.

బతికి తిరిగొచ్చినవారి జాడ తీయడమే అసలు కష్టం. సర్వీసు నంబరు లేనిదే ఫైలు కదలదు. అది డిశ్చార్జి బుక్కులోనో పెన్షన్ కాగితంలోనో ఉంటుంది. అవి పోతే, మొదటి యుద్ధానికి వెళ్లినవారి విషయంలో, ఆ యుద్ధపు వెండి పతకం అంచును వెలుతురుకు పెట్టి మెల్లగా తిప్పి చూడాలి. నంబరు, హోదా, పేరు, పటాలం అక్కడ సన్నటి అక్షరాల్లో ఉంటాయి. దయచేసి ఎవరూ దాన్ని చింతపండు వేసి తోమకండి, అరిగేది ముందు ఆ అక్షరాలే. నంబరు దొరికాక మద్రాస్ సాపర్స్ (సైన్యంలో ఇంజనీరింగు పనుల పటాలం) అయితే బెంగళూరులోని రికార్డు ఆఫీసుకు, మద్రాస్ రెజిమెంట్ అయితే తమిళనాడులోని వెల్లింగ్టన్‌కు రాయాలి.

అయ్యా, అసలు దెబ్బ అక్కడే తగులుతోంది. పెన్షన్ లేకుండా ఇంటికొచ్చినవారి సర్వీసు కాగితాలను 25 ఏళ్లు ఉంచి నాశనం చేయాలన్నది సైన్యం నిబంధన. యుద్ధం ముగియగానే విడుదలైనవారెందరో ఈ కోవలోకే వస్తారు. వాళ్లకు మిగిలింది లాంగ్ రోల్‌లో ఒకే ఒక వరుస. ఆ వరుస చూపించమంటే వ్యక్తిగత సమాచారమంటూ మినహాయింపు చెప్పి కాదనడం న్యాయం కాదు. సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(3) ప్రకారం 20 ఏళ్లు దాటిన విషయాలకు ఆ మినహాయింపు వర్తించదు.

మేము కోరేది కొత్త పథకం కాదు. 1939-47 నాటి లాంగ్ రోల్ సంపుటాలను ముందు స్కాన్ చేయించండి, ఆ కాగితం మడత దగ్గర విరిగిపోయే వయసులో ఉంది. నంబరు తెలియని మనవరాలు కూడా ఊరు, తండ్రి పేరు, పటాలం చెప్పి వెతుక్కునే వీలు కల్పించండి. దరఖాస్తును జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలోనే తెలుగులో తీసుకోమని ఆదేశించండి.

ఇట్లు,
సిపాయిల కుటుంబ చరిత్రలు వెతికే మిత్రులు