అక్వేరియం నీళ్ళు సిద్ధమయ్యాకే చేపలు వదలనివ్వండి: మత్స్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఒడిశా మత్స్య, పశు సంపద అభివృద్ధి శాఖ మంత్రి గారికి,

బరంపురంలో అక్వేరియంల పని తెలిసిన తెలుగువాళ్ళం కొందరం రాస్తున్న విన్నపం. దీని ఒడియా ప్రతిని కూడా జతచేస్తున్నాం.

పార్కుల్లో, బడుల్లో, ఆఫీసుల్లో పాత అక్వేరియంలను బాగుచేయిస్తే సంతోషమే. కానీ అద్దానికి, లైట్లకు, మోటార్లకు లెక్క కట్టినంత శ్రద్ధగా నీళ్ళ గురించి ఎవరూ ఆలోచించరు. రిబ్బను కత్తిరించే రోజుకు చేపలు దిగిపోతాయి. వారం తిరక్కుండానే అవి పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటాయి. జబ్బనుకుని మందు పోస్తే ఉన్న కాస్త మంచి బాక్టీరియా కూడా పోతుంది.

మేం ముఖ్యంగా కోరేది ఇది. మరమ్మతు ముగిశాక చేపలు వేసేలోగా ఆరు వారాల గడువుండాలని కాంట్రాక్టులోనే రాయించండి. నీటిలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చాకే చివరి బిల్లు చెల్లించండి.

చేపల విసర్జన నుంచి అమ్మోనియా పుడుతుంది. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మరో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ విషాలు, మూడోది చాలావరకు నిరపాయకరం. ఈ బాక్టీరియా నీళ్ళలో కాదు, ఫిల్టరు స్పాంజిని, సిరామిక్ రింగులను, గులకరాళ్ళను అంటిపెట్టుకుని బతుకుతుంది. అందుకే పాత నీళ్ళు డ్రమ్ముల్లో దాచినా పెద్దగా ఒరిగేదేమీ లేదు. దాచాల్సింది స్పాంజిని. మరమ్మతు జరిగినన్నాళ్ళూ దాన్ని ట్యాంకు నీళ్ళున్న బకెట్లో ఉంచి, గాలి పంపు ఆపకుండా నడపాలి, బాక్టీరియా బతకడానికి రోజూ చిటికెడు చేపల మేత వేయాలి. దాన్ని తళతళలాడేలా కుళాయి కింద కడిగితే క్లోరిన్‌కి బాక్టీరియా చచ్చిపోతుంది. ట్యాంకు నీళ్ళలోనే రెండు మూడుసార్లు పిండితే చాలు, గోధుమరంగు జిగురు కొంత మిగలనివ్వాలి.

అతుకులకు బాత్రూం సిలికాన్ వాడనివ్వకండి. అందులో బూజు పట్టకుండా కలిపే మందు చేపలకు విషం. అక్వేరియం సిలికాన్ పూశాక వారం ఆరనిచ్చి, పుల్లటి వాసన పూర్తిగా పోయాకే నీళ్ళు పట్టాలి. వెనక సిమెంటు కొండలు కట్టిస్తే ఇంకో చిక్కు ఉంది. సున్నం ఊరి పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) పెరుగుతుంది. 28 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 అయితే అమ్మోనియాలో విషరూపం ఒక శాతం కూడా ఉండదు, 8 అయితే ఆరు శాతం దాటుతుంది. మన గంజాం ఎండల్లో నీళ్ళు అంతకన్నా వేడెక్కుతాయి కూడా. పీహెచ్ నిలకడగా ఉండేదాకా రెండు మూడు రోజులకోసారి నీళ్ళు పారబోసి మళ్ళీ నింపాల్సిందే.

తర్వాత వెయ్యి లీటర్ల మంచినీటి ట్యాంకు లెక్క చెబుతాం. కుళాయి నీళ్ళలో క్లోరిన్ 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) ఉంటే దాన్ని విరిచే సోడియం థయోసల్ఫేట్ 14 గ్రాములు కలపాలి. దాచిన స్పాంజిని ఫిల్టరులో పెట్టి, బాక్టీరియాకి ఆహారంగా అమ్మోనియం క్లోరైడ్ సుమారు 6 గ్రాములు వేస్తే అమ్మోనియా 2 పీపీఎంకి వస్తుంది. ఒక్క చేప కూడా వద్దు. చుక్కల కిట్‌తో రోజు విడిచి రోజు పరీక్షించాలి. అమ్మోనియా గొట్టం ఆకుపచ్చ నుంచి పసుపుకి దిగుతుంటే నైట్రైట్ గొట్టం ఊదారంగుకి ఎక్కుతుంది. తొందరపడేవాళ్ళు మోసపోయేది ఇక్కడే, అమ్మోనియా తగ్గింది కదా అని చేపలు వేసేస్తారు. నైట్రైట్ రక్తంలో చేరి ఆక్సిజన్‌ని మోయనివ్వదు, మొప్పలు గోధుమరంగుకి తిరుగుతాయి. ఇప్పటికే చేపలున్న చోట ఈ చిక్కు వస్తే సగం నీళ్ళు మార్చి, అయోడిన్ కలపని హుమా ఉప్పు (గంజాం జిల్లా హుమాలో తయారయ్యేది) 100 గ్రాములు వేయాలి.

వేసిన 2 పీపీఎం అమ్మోనియా 24 గంటల్లో పూర్తిగా పోయి, నైట్రైట్ కూడా మిగలకపోతే ట్యాంకు తయారైనట్టు. సగానికి పైగా నీళ్ళు మార్చి నైట్రేట్ తగ్గించి, అనుకున్న చేపల్లో మూడోవంతే మొదట వదలనివ్వండి. మిగతావి వారం వారం.

కరెంటు మాట కూడా. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. అలాంటి వేళ కరెంటు పోతే మూతవేసిన ఫిల్టరులో కొన్ని గంటల్లోనే ఆక్సిజన్ అయిపోతుంది. కరెంటు రాగానే దాన్ని అలాగే ఆన్ చేస్తే లోపలి కుళ్ళు నీళ్ళు నేరుగా చేపల మీదకొస్తాయి. ముందు ఆ నీళ్ళు పారబోయాలి. ప్రతి ట్యాంకుకీ బ్యాటరీ గాలి పంపు ఒకటి అంచనాలో చేర్పించండి. దాంతోపాటు ఏడాదికి సరిపడా టెస్ట్ కిట్లు, కొలతలు రాసే ఒక పుస్తకం, వారానికి పాతిక శాతం నీళ్ళు మార్చే బాధ్యత ఎవరిదో తెలిపే ఉత్తర్వు కూడా ఇప్పించగలరు.

ఇట్లు,
బరంపురం అక్వేరియం పెంపకందారులు, ట్యాంకుల పనివారు